ఏ మందు తాగాడు?

జ్వరానికి మింగేదీ మందే, సాయంత్రం దుకాణం దగ్గర కూర్చుని తాగేదీ మందే. పత్తి మీద కొట్టేదీ, గట్టు మీది గడ్డికి కొట్టేదీ, ఎలుకలకు పెట్టేదీ, అన్నీ మన భాషలో మందులే. అందుచేత అర్ధరాత్రి ఆటోలోంచి దించిన మనిషిని స్ట్రెచర్ మీద తోసుకొస్తూ ఇంటివాళ్లు ‘మందు తాగిండు సారూ’ అన్నప్పుడు, ఎదురుగా నిలబడిన డాక్టరుకు ఆ మాటవల్ల తెలిసేది చాలా తక్కువ. పాతికేళ్ల కిందట తెలంగాణలో పత్తి పండే ఒక జిల్లాలోని ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా చేరాను. అక్కడి క్యాజువాలిటీలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న, అన్నిటికన్నా తక్కువసార్లు జవాబు దొరికిన ప్రశ్న ఒక్కటే: ‘ఏ మందు?’

జవాబులు ఇలా ఉండేవి. ‘పత్తికి కొట్టే మందు.’ ‘పోయినేడు మిగిలింది సారూ, గూట్లో పెట్టినం.’ ‘షాపాయన ఇచ్చిండు, పేరు తెల్వదు.’ ఒక ముసలి తల్లి ఖాళీ సీసాను కొంగులో చుట్టి తెచ్చింది, కాని దాని లేబులు ఎప్పుడో తడిసి రాలిపోయింది. అప్పుడిక మిగిలేవి మా ముక్కూ, మా చేతిలోని టార్చిలైటూ. వెల్లుల్లిని తలపించే ఘాటు, గుండుసూది మొనంతగా ముడుచుకుపోయిన కంటిపాపలు, నోటి వెంట నురగ, ఒళ్లంతా చెమట కనిపిస్తే ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందు అనుకుని కేసు షీటు మీద ‘ఓపీ పాయిజనింగ్’ అని రాసేవాళ్లం. మూర్ఛలు ముందుగా వస్తే ఎండోసల్ఫాన్ అయివుంటుందని ఊహించేవాళ్లం. రిజిస్టరులో రోగి పేరుకు, తండ్రి పేరుకు, ఊరికి, వెంట తెచ్చినవారి పేరుకు, పోలీసులకు కబురు పంపిన సమయానికి గడులు ఉండేవి. లోపలికి పోయిన పదార్థం పేరు రాయడానికి మాత్రం గడి ఉండేది కాదు.

ఆ గడి లేకపోవడం గుమాస్తా పొరపాటు అని నేను చాలా కాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఒక మనిషి పురుగుమందు తాగితే చుట్టూ ఉన్న లోకమంతా అడిగేది ‘ఎందుకు తాగాడు?’ అని. వాంగ్మూలం రాసుకునే ఎస్సై అదే అడుగుతాడు, విలేకరి అదే అడుగుతాడు, వరండాలో కూర్చున్న మేనమామలు గొంతు తగ్గించి దాని గురించే మాట్లాడుకుంటారు, తరవాత వచ్చే విచారణ కమిటీలూ దానికే జవాబు వెతుకుతాయి. ఎందుకు అన్న ప్రశ్న అనవసరమని నేను అనను. అయితే ఆ ఒక్క ప్రశ్నకే మన ఆలోచన అంతా ఖర్చుచేసి, ‘ఏ మందు?’ అన్న రెండో ప్రశ్నను డ్యూటీ డాక్టరు చేతికి వదిలేశాం. బతికించవలసిన మనుషుల లెక్క ప్రకారం చూస్తే ఆ రెండో ప్రశ్నే ముందు రావాలన్నది నా వాదన.

లెక్క వరంగల్ నుంచే మొదలుపెడతాను. 1997 నుంచి 2002 దాకా ఆరేళ్లలో ఆ జిల్లాలోని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పురుగుమందు విషంతో చేరినవారి వివరాలను కొందరు పరిశోధకులు సేకరించి 2005లో ప్రచురించారు. ఆ ఆరేళ్లలో చేరినవారు 8,040 మంది, అందులో చనిపోయినవారు నూటికి 22.6. అంటే సుమారు 1,800 మరణాలు, ఒకే ఒక్క ఆసుపత్రిలో. 1997–98 సీజనులో పొగాకు లద్దెపురుగూ పచ్చపురుగూ పత్తిని తినేస్తే వరుసగా రైతులు ప్రాణాలు తీసుకున్న సంగతి మనందరికీ గుర్తుంది, దేశమంతా రాశారు. ఆ కథనాలు ముగిసిన తరవాత కూడా ఈ రిజిస్టరు నిండుతూనే ఉంది.

ఆ అధ్యయనంలో 2002 సంవత్సరపు కేసు షీట్లను విడిగా, వివరంగా చదివారు. వాటిలో మూడింట రెండు వంతుల మంది ముప్పై ఏళ్ల లోపువారు. మగవారు 57 శాతం, అంటే మిగిలిన 43 శాతం ఆడవారు. 96 శాతం మంది కావాలని తాగినవారు. మందు పేరు తెలిసిన మరణాల్లో అత్యధికం రెండే రెండు పదార్థాల వల్ల జరిగాయి: ఆర్గానోఫాస్ఫరస్ జాతికి చెందిన మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. ‘అప్పులపాలైన పత్తి రైతు’ అని పత్రికలు మన కళ్లకు కట్టిన నడివయసు మనిషి ఈ అంకెల్లో ఉన్నాడు, కాని ఒక్కడే లేడు. అతని పక్క మంచం మీద అత్తతో మాట పడిన పందొమ్మిదేళ్ల కోడలు ఉంది, పరీక్ష తప్పిన కుర్రవాడు ఉన్నాడు, తాగి వచ్చిన తండ్రితో గొడవపడి కొట్టంలోకి పరుగెత్తిన కొడుకు ఉన్నాడు. వీళ్లందరినీ కలిపింది పత్తి ధర కాదు, పత్తి కోసం తెచ్చి ఇంట్లో పెట్టిన సీసా.

తేరుకున్నవారితో మాట్లాడినప్పుడల్లా నన్ను కలవరపెట్టిన సంగతి ఒకటుంది. వాళ్లలో ఎక్కువమంది ఆ పని గురించి రోజుల తరబడి ఆలోచించినవారు కారు. కోపం వచ్చింది, చెయ్యి గూటి దగ్గరికి పోయింది, అంతే. శ్రీలంక పల్లెల్లో ఇలా ఆసుపత్రి పాలైన వారిని వివరంగా ప్రశ్నించిన ఒక అధ్యయనంలో సగానికి పైగా మంది నిర్ణయం తీసుకున్న అరగంట లోపే ఆ పని చేసినట్టు తేలింది. చేతికి ఏది అందిందో అదే తాగారు తప్ప, దాని తీవ్రత తెలిసి ఎంచుకున్నవారు చాలా తక్కువ. మూడో రోజున ‘నేను బతుకుతానా సారూ?’ అని అడగని రోగిని నేను దాదాపు చూడలేదు. ఆ అరగంట గడిచాక చావాలన్న కోరిక పోతుంది, విషం మాత్రం పోదు. ఆ మనిషి తిరిగి ఇంటికి వెళతాడా లేదా అన్నది అతని బాధ ఎంత పెద్దదన్న దాని మీద ఆధారపడదు. గూట్లో ఉన్న సీసాలో ఏముందన్న దాని మీద, తరవాత అతణ్ణి చూసిన ఆసుపత్రి మీద ఆధారపడుతుంది. (ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా అటువంటి అరగంట ఎదురైతే, టెలీమానస్ 14416 నంబరులో ఏ వేళనైనా మనిషి గొంతు వినబడుతుంది; తెలుగులోనూ మాట్లాడతారు.)

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో కొంత చెప్పాలి, ఎందుకంటే మందు పేరు తెలియడం తెలియకపోవడం అన్నది అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. మన నరాలు కండరాలకు, గ్రంథులకు పంపే సందేశాన్ని ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం మోస్తుంది. పని కాగానే దాన్ని ఒక ఎంజైము తుడిచివేస్తుంది. ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఆ ఎంజైమును కట్టిపడేస్తాయి. పురుగు అలాగే చస్తుంది, మనిషీ అలాగే చస్తాడు. జర్మనీలో 1930లలో పురుగుమందుల కోసం సాగిన పరిశోధనలోనే సారిన్ వంటి యుద్ధ విషవాయువులూ పుట్టాయన్నది గుర్తుంచుకుంటే, ఈ చుట్టరికం ఆశ్చర్యపరచదు. ఎంజైము ఆగిపోగానే ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది, గుండె నెమ్మదిస్తుంది, రోగి తన స్రావాల్లో తానే మునిగిపోతాడు. దీనికి విరుగుడు ఎట్రోపిన్. మన ఉమ్మెత్తలోనూ ఉండేది ఆ కుటుంబపు పదార్థమే. ఎట్రోపిన్ మోతాదు మించితే రోగి ఉమ్మెత్త తిన్నవాడిలాగే కళ్లు పెద్దవి చేసుకుని, ఒళ్లు కాలిపోతూ, గాలిలో లేని దారాలను లాగుతూ ఉంటాడు.

ఎట్రోపిన్ చవకైన మందు. దాన్ని వాడే పద్ధతి మాత్రం అంత సులువు కాదు. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, ప్రతి ఐదు నిమిషాలకూ ఛాతీ విని, నాడి చూసి, చంకలో చెమట తడిమి, తగ్గకపోతే మోతాదును రెట్టింపు చేస్తూ పోవాలి; ఊపిరితిత్తులు పొడిబారాక అక్కడ నిలిపి, సన్నగా ఎక్కిస్తూ కనిపెట్టి ఉండాలి. అంటే తొలి గంటలో రోగి పక్కనుంచి ఒక మనిషి కదలకూడదు. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, నలభై మంది రోగులు ఉన్న వార్డులో ఆ గంట ఎవరికి ఉంటుంది? అందుకే ‘గంటకు ఇన్ని ఆంపూళ్లు’ అని అందరికీ ఒకే కొలత రాసేసే అలవాటు పుట్టింది. నేనూ అలాగే రాశాను. వరంగల్ అధ్యయనం ఎత్తిచూపినదీ ఇదే: ఎక్కువమందికి ఇచ్చినవి తక్కువైన, మారని మోతాదులు. కొత్త యంత్రాలేవీ కొనకుండానే, ఉన్న మందును సరిగ్గా వాడితే చాలా మరణాలు తప్పుతాయని ఆ రచయితలు అన్నారు. ఆ వాక్యం మొదటిసారి చదివిన రాత్రి నాకు కొన్ని ముఖాలు గుర్తుకొచ్చాయి.

రెండో విరుగుడు పామ్, అంటే ప్రాలిడాక్సిమ్ ఇంజెక్షన్. దాని విషయంలో పరిశోధనలు ఒక మాట మీద లేవు: 2006లో మహారాష్ట్రలోని బారామతిలో ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు మేలు కనిపించింది, 2009లో వెలువడిన శ్రీలంక అధ్యయనంలో కనిపించలేదు. అయినా స్టాకు లేదని చీటీ రాసి బయట తెమ్మంటే, ఆ చీటీ పట్టుకుని పుస్తెలు కుదువపెట్టడానికి పరుగెత్తిన ఇంటివాళ్లను చూశాను. పక్కనే దొరికే ఎట్రోపిన్‌ను నిమిష నిమిషానికీ సరిచూసి ఇవ్వడానికి మనిషి లేనిచోట, ఖరీదైన ఇంజెక్షన్ వచ్చేదాకా ఎదురుచూడడం మాకు చికిత్సలా అనిపించేది. అంతకుముందే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో, ఇంటి వాకిట్లోనో సబ్బునీళ్లు, ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, ఒక్కోసారి పేడనీళ్లు కూడా బలవంతంగా పట్టి కక్కించి ఉంటారు. సగం స్పృహలో ఉన్న మనిషికి ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే, విషం నుంచి బయటపడినా న్యుమోనియా వదలదు. మందుతో తడిసిన చొక్కా విప్పి ఒళ్లు కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, సీసాతో సహా వెంటనే తీసుకురండి అని చెప్పే మనిషి ఊరికొకరు ఉంటే, ఆ పని మా కడుపు కడిగే గొట్టాలకన్నా ఎక్కువ ఉపకారం చేసేది.

బాగయ్యాడనుకున్న తరవాత వచ్చే దెబ్బ ఇంకొకటి ఉంది. రెండో రోజో మూడో రోజో రోగి లేచి కూర్చుంటాడు, ఇంటివాళ్లు ఇడ్లీ తెస్తారు, డాక్టరు రౌండ్లలో నవ్వి ముందుకు పోతాడు. ఆ సాయంత్రం అతను దిండు మీదనుంచి తల ఎత్తలేడు. మెడ కండరాలు ముందు పోతాయి, ఆ వెంటనే ఊపిరి తీసే కండరాలు. శ్రీలంక వైద్యులు 1987లో దీన్ని విడిగా గుర్తించి వర్ణించారు. అప్పుడు ఎట్రోపిన్ పనిచేయదు. వెంటిలేటర్ కావాలి, రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి. యంత్రం ఖాళీ లేకపోతే గొంతులో గొట్టం వేసి, దానికి రబ్బరు సంచి తగిలించి, చేత్తో ఒత్తుతూ ఉండాలి. ఆ సంచిని అన్నదమ్ములు వంతులవారీగా తెల్లవార్లూ ఒత్తడం నేను చూశాను. ఒకసారి నాలుగింటికి వార్డులోకి వెళితే, తమ్ముడు కూర్చున్నచోటే కునుకుపట్టి ఉన్నాడు, చెయ్యి మాత్రం ఒత్తుతూనే ఉంది.

ఇంతా చేసి ఆర్గానోఫాస్ఫరస్‌లో మాకు చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇటీవలి సంవత్సరాల్లో వార్డుల్లోకి ఎక్కువగా వస్తున్న గడ్డిమందు పారాక్వాట్‌కు విరుగుడే లేదు. కలుపు తీసే కూలీలు దొరకక, దొరికినా కూలి గిట్టుబాటు కాక, పత్తి సాళ్ల మధ్య గడ్డిమందు కొట్టడం మామూలైపోయిన తరవాత, గూట్లో మోనోక్రోటోఫాస్ ఉండే చోటికి ఇది వచ్చింది. ఈ రోగి స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు, తల్లికి ధైర్యం చెబుతాడు. నోరూ గొంతూ పుండై, మూత్రపిండాలు దెబ్బతిని, రోజులు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. మామూలుగా ఊపిరాడని వాడికి మనం మొదట పెట్టేది ఆక్సిజన్. ఈ విషంలో అదే ఊపిరితిత్తులను మరింత చెడగొడుతుంది కనుక, తప్పనిసరి అయ్యేదాకా దాన్నీ ఆపుకోవాలి. మాస్కు పెట్టమని తండ్రి చేతులు జోడిస్తాడు. ఎందుకు పెట్టడం లేదో అతనికి అర్థమయ్యేలా చెప్పే మాటలు ఇన్నేళ్లలో నాకు దొరకలేదు.

ఇప్పుడు ఆ గడ్డిమందు డబ్బా మీది త్రిభుజం చూడండి. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించిన తరవాత జరిగిన విచారణల ఫలితంగా మనకు 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి సీసా మీదా ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒక త్రిభుజం ముద్రించాలి. ఎరుపైతే అత్యంత విషపూరితం, ఆకుపచ్చైతే అన్నిటికన్నా తక్కువ. మోనోక్రోటోఫాస్‌ది ఎరుపు. పారాక్వాట్‌ది పసుపు. ఈ రంగులు నిర్ణయించేది మనుషుల మరణాలను చూసి కాదు, ప్రయోగశాలలో సగం జంతువులను చంపే మోతాదును చూసి. ఎలుకకు అబ్బిన లెక్క మనిషికి అబ్బదని శ్రీలంక ఆసుపత్రుల్లో వేలమంది రోగులను ఏళ్ల తరబడి నమోదు చేసిన అధ్యయనాలు చూపించాయి. ఎలుకల లెక్కలో ఒకే తరగతిలో ఉన్న మూడు మందుల్లో ఒకటి తాగినవారిలో నూటికి ఎనిమిది మంది, రెండోది తాగినవారిలో పదహారు మంది, మూడోది తాగినవారిలో ఇరవైముగ్గురు చనిపోయారు. అదే ఆసుపత్రులు, అవే చికిత్సలు. ఈ తేడా కనిపెట్టగలగడానికి ఒకే కారణం: అక్కడి రిజిస్టరులో మందు పేరు రాసే గడి ఉంది.

శ్రీలంక ఆ గడిని నమ్మి ఏం చేసిందో మనం ఇంకా శ్రద్ధగా చదవలేదు. 1995లో అది మోనోక్రోటోఫాస్ వంటి అత్యంత విషపూరిత మందులను ఆపేసింది. వాటి స్థానంలోకి ఎండోసల్ఫాన్ వచ్చి మరణాలు పెరగగానే 1998లో దాన్నీ ఆపింది. 2008 నుంచి 2011 లోపు పారాక్వాట్, డైమిథోయేట్, ఫెన్థియాన్‌లను తొలగించింది. 1995లో ఎనిమిదేళ్లు పైబడిన జనంలో లక్షకు 57గా ఉన్న ఆత్మహత్యలు 2015 నాటికి 17కు దిగాయి. ఆ ఇరవై ఏళ్లలో సుమారు 93,000 ప్రాణాలు నిలిచాయని అంచనా. ఆ కాలంలో అక్కడ అంతర్యుద్ధం ఉంది, సునామీ ఉంది, నిరుద్యోగం ఉంది; ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబులేవీ తగ్గలేదు. విషం తాగి ఆసుపత్రికి వచ్చేవారి సంఖ్య కూడా అంతగా తగ్గలేదు. తగ్గినది ఆసుపత్రి నుంచి శవంగా వెళ్లేవారి సంఖ్య.

ఈ మాట ఎక్కడ చెప్పినా నాకు రెండు అభ్యంతరాలు ఎదురవుతాయి. మొదటిది నా మిత్రుల నుంచి, రైతు ఉద్యమాల్లో పనిచేసేవారి నుంచి వస్తుంది: గిట్టుబాటు ధర ఇవ్వక, అప్పు మాఫీ చేయక, కౌలుదారుకు గుర్తింపు ఇవ్వక సీసా మార్చితే సరిపోతుందా, ఇది సమస్యను కప్పిపుచ్చడం కాదా అని. వారి కోపం న్యాయమైనదే. కాని అప్పులపాలైన రైతు బతికి ఉంటేనే కదా ధర కోసం కొట్లాడగలిగేది! పైగా ఆ పందొమ్మిదేళ్ల కోడలికి మద్దతు ధరతో పని లేదు. ఆమె కోపం ఆమెకు ఉంది, దాన్ని తీర్చే చట్టం ఏదీ ఇప్పట్లో రాదు. ఆమె చేతికి అందేది ప్రాణం తీయనిదై ఉండడం మాత్రం ఒక ఉత్తర్వుతో అయ్యే పని. రెండో అభ్యంతరం మందుల వ్యాపారుల నుంచి వస్తుంది: పంట పోతుంది, పురుగు తినేస్తుంది అని. శ్రీలంకలో నిషేధాల తరవాతి దిగుబడులను పరిశీలించినవారికి ఆ నిషేధాల వల్ల పంట తగ్గిన ఆనవాళ్లు కనిపించలేదు. మన దగ్గర పాత ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం ఇరవై ఏళ్ల కిందటే, వేప కషాయాలూ లింగాకర్షక బుట్టలూ పట్టుకుని, పురుగుమందుల షాపు గడప తొక్కడం మానేసి పత్తి పండించింది.

మూడో మాట ఒకటి ఉంది, అది అభ్యంతరం వేషంలో రాదు, సలహాలా వస్తుంది: ‘రైతులకు అవగాహన కల్పించండి, మందులను పెట్టెలో పెట్టి తాళం వేసుకోమనండి.’ విన్నవెంటనే సబబుగా తోస్తుంది, కంపెనీలకు ఎంతో ఇష్టమైన మాట కూడా ఇదే. శ్రీలంకలో దీన్ని 180 గ్రామాల్లో, 53,000కు పైగా కుటుంబాలతో పరీక్షించారు. సగం గ్రామాల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చారు, సగం గ్రామాల్లో ఇవ్వలేదు. 2017లో ఫలితాలు వచ్చాయి. రెండింటి మధ్యా తేడా లేదు. తాళంచెవి కూడా ఆ ఇంట్లోనే ఉంటుందన్నది ఏ కోడలినడిగినా చెప్పేది.

మన దేశంలో నిషేధాలు లేవని కాదు, వాటి నడక చూస్తేనే ఓపిక చాలదు. మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయల మీద వాడరాదన్నారు, పత్తికి వాడవచ్చన్నారు. పత్తికి కొన్న సీసా వంకాయ మడి దగ్గరికి పోకుండా ఎవరు కాపలా కాస్తారో ఆ ఉత్తర్వులో లేదు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో దొరికింది మోనోక్రోటోఫాసే. ఆ తరవాత కూడా అది పదేళ్లు అమ్ముడుపోయింది. 2018లో పద్ధెనిమిది మందులను ఆపుతూ వచ్చిన ఉత్తర్వులో దాని పేరు లేదు. వాటిలో ఫోరేట్ వంటి ఆరింటికి 2020 డిసెంబరు 31 దాకా గడువిచ్చారు. చివరికి 2023 సెప్టెంబరులో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావకాన్ని ఆపుతూ, ఉన్న సరుకు అమ్ముకోవడానికి మరో ఏడాది ఇచ్చారు. ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగింది, అదీ ప్రధానంగా కేరళలోని కాసరగోడు ప్రజల పోరాటం వల్ల. వరంగల్ వార్డులో దానివల్ల చనిపోయినవారి పేరున ఎవరూ కోర్టుకు వెళ్లలేదు. రాష్ట్రాలు తామే ఆపుదామన్నా, చట్టంలోని 27వ సెక్షన్ వాటికి ఇచ్చేది అరవై రోజుల అధికారం, పొడిగిస్తే ఇంకో ముప్పై. కేరళ 2011లో పారాక్వాట్, మోనోక్రోటోఫాస్ సహా కొన్ని మందులను ఆపడానికి ధైర్యం చేసింది. అరవై రోజులంటే ఒక పత్తి సీజనులో సగం కూడా కాదు.

ఇంతవరకు నేను రాసినది కావాలని తాగినవారి గురించి, ఎందుకంటే ఆసుపత్రి రిజిస్టరులో కనిపించేది వాళ్లే. ఆ రిజిస్టరు చూపించనివాళ్లు వేరే ఉన్నారు. మనదేశంలో మూడు పత్తి గ్రామాల్లో సీజను పొడవునా చేసి, 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, యాభై మంది మహిళా రైతులు తమకూ తమ ఇంటి మగవారికీ మందు కొట్టిన ప్రతిసారీ ఏమైందో నమోదు చేయించారు. 323 సందర్భాల్లో 83.6 శాతంలో ఏదో ఒక విషలక్షణం కనిపించింది. ఆరు శాతంలో నరాల మీద తీవ్రమైన ప్రభావం ఉంది. వారిలో ఆసుపత్రికి వెళ్లినవారు ఒక్కరూ లేరు. మందు కొట్టే మగవాడికి ఎంత ప్రమాదమో, డ్రమ్ములో మందు కలిపి పంపు నింపి అందించే ఆడవారికీ అంతే ప్రమాదమని అందులో తేలింది. తల తిరిగితే మజ్జిగ తాగి చెట్టు కింద పడుకుంటారు, సాయంత్రానికి లేస్తారు, మర్నాడు మళ్లీ పంపు భుజానికి ఎత్తుకుంటారు. మా నాన్న అలాగే చేసేవాడు. మూతతో కొలిచి ‘పంపుకు రెండు మూతలు’ అని లెక్కపెట్టి, అదే చేత్తో బీడీ వెలిగించుకునేవాడు. ఆయన కళ్లు సాయంత్రాలు మసకగా ఉంటున్నాయంటే, చత్వారం అనుకున్నాం.

ఈ రెండో రకం రోగులు ఆసుపత్రి దాకా వచ్చి లెక్కకు ఎక్కినది 2017లో. మన ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతల ఉన్న యవత్‌మాల్ జిల్లాలో ఆ ఏడాది పత్తి మనిషెత్తు పెరిగింది. ఆ మొక్కల మధ్య పవర్ స్ప్రేయర్లతో కొడుతుంటే మందు ముఖం మీదే పడింది. జులై నుంచి అక్టోబరు లోపు వందలమంది ఆసుపత్రుల్లో చేరారు, ఇరవైమందికి పైగా చనిపోయారు. విచారణ బృందం వచ్చింది. రైతులు చేతితొడుగులు, ముసుగులు వాడలేదన్న మాట అప్పుడు చాలాసార్లు వినబడింది. సెప్టెంబరు ఎండలో, ఉక్కపోతలో, భుజాన పంపుతో, ఆ రబ్బరు కోటు తొడుక్కుని ఒక్క ఎకరం కొట్టి చూపించమని ఆ మాట అన్నవారిని ఎవరూ అడగలేదు. అక్కడి డాక్టర్లకూ మొదట ఎదురైన కష్టం మాకు ఎదురైనదే: రెండు మూడు మందులు కలిపి కొట్టిన కూలీకి తాను కొట్టినవి ఏవో తెలియదు, కలిపి ఇచ్చినవాడు ఆసుపత్రికి రాలేదు.

షాపాయన చేతిలో ఉన్న బిల్లు పుస్తకంలో ఆ పేరు ఉంటుంది. లైసెన్సు ఉన్న ప్రతి దుకాణం ఏ మందు ఎంత అమ్మిందో నమోదు చేయాలని నిబంధన. అరువు కాతా రాయడంలో వాళ్లు ఎప్పుడూ పొరపడరు కూడా. ఒక మండలంలో ఈ నెల ఏ మందు ఎంత అమ్ముడుపోయిందో వ్యవసాయ శాఖ దగ్గర ఉంటుంది, ఎవరు ఏ మందుతో చేరారో ఆసుపత్రి దగ్గర ఉండాలి, ఎవరు చనిపోయారో పోలీసు దగ్గర ఉంటుంది. ఈ మూడు కాగితాలూ ఒక బల్ల మీదికి వస్తే, తరవాత ఆపవలసిన మందు ఏదో చెప్పడానికి ఢిల్లీలో నిపుణుల కమిటీ ఐదేళ్లు కూర్చోనక్కర లేదు. 2018లో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూడకుండా మానసిక ఆరోగ్య చట్టం అమలులోకి వచ్చింది, 2024 జులై నుంచి దాన్ని శిక్షించే పాత 309 సెక్షనే పోయింది. అయినా మెడికోలీగల్ కేసని పోలీసుకు కబురు పంపే గడి రిజిస్టరులో అలాగే ఉంది.

నేను ఇప్పుడు పనిచేసే చిన్న ఆసుపత్రిలో ఆ రిజిస్టరును మార్చే అధికారం నాకు లేదు, అది అచ్చయి వస్తుంది. అందుకని తండ్రి పేరుకూ ఊరికీ మధ్య ఉన్న ఖాళీలో స్కేలు పెట్టి ఒక గీత గీయిస్తున్నాను. సిస్టర్లు మొదట విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్లే అడుగుతున్నారు. పోయిన ఖరీఫ్‌లో ఒక రాత్రి ఇద్దరు బంధువులు ఒక కుర్రవాడిని తీసుకొచ్చారు, సీసా తేలేదు. డ్యూటీ సిస్టర్ వారిలో చిన్నవాణ్ణి గేటు దగ్గరే ఆపి, ‘బండి తిప్పు తమ్మీ, పోయి సీసా పట్కరా. దొరక్కపోతే మూతన్నా తే’ అని పంపింది.